ఇచ్చు అప్పు, తెచ్చు అప్పు: లెండ్, బారో అను పదముల వివరణము

తెలుగున ‘అప్పు’ అను మాటకు ముఖములు రెండు. ‘పొరుగింటి వదినగారి అప్పు ఇంకను తీరలేదు’ అని యెవరైన ననినచో, ఆ వదినగారు ఇచ్చినవారో పుచ్చుకొన్నవారో ఆ మాటవలన మాత్రము తేలదు. ఇచ్చినను అప్పే, తెచ్చినను అప్పే. ఎటు నడచినదో చెప్పవలెనన్న ప్రక్కన నొక క్రియను చేర్చుకొనవలయును: అప్పిచ్చు, అప్పుపుచ్చుకొను, అప్పుచేయు, అప్పుపడు. ఆంగ్లమున నట్లు కాదు. ఇచ్చువారి పనికి ‘లెండ్’ అని యొక ధాతువు, పుచ్చుకొనువారి పనికి ‘బారో’ అని వేఱొక ధాతువు. మనము ప్రక్కన చేర్చుకొను క్రియ వారి ధాతువు కడుపులోనే యిమిడియున్నది. పాఠశాలకు బోవు పిల్లలు మొదలుకొని బ్యాంకు కాగితములపై వ్రాలు చేయు గృహిణుల వఱకు ఈ రెంటిని తాఱుమాఱు చేయుట తఱచుగా వినుచున్నాను గనుక ఈ మాసమున వీనినే తీసికొంటిని.

ముందు అర్థము. తన వస్తువును, తిరిగి వచ్చునను నమ్మకముతో, కొంతకాలమునకు ఇతరుల కిచ్చుట లెండ్. ఇతరుల వస్తువును, తిరిగి యిత్తునను మాటతో, కొంతకాలమునకు తెచ్చుకొనుట బారో. జరిగిన పని యొకటే. చెప్పువారు ఏ గడపలో నిలిచి చెప్పుచున్నారన్నదే భేదము. ఏడుపాయల జాతరకు పోవు కోడలొకతె ప్రక్కింటి పెద్దమ్మ నడిగి కాసులపేరు పెట్టుకొన్నదనుకొందము. పెద్దమ్మ గడపలో నిలిచి చెప్పినచో ‘షి లెంట్ ఎ నెక్లెస్’. కోడలి గడపలో నిలిచి చెప్పినచో ‘షి బారోడ్ ఎ నెక్లెస్’. కాసులపే రొక్కటే, కర్త మాఱినది.

వ్యాకరణమున నీ భేదము విభక్తుల చెంత స్పష్టపడును. లెండ్ అను క్రియకు రెండు కర్మలు గలవు: ఇయ్యబడు వస్తు వొకటి, పుచ్చుకొను మనిషి యొకటి. ఆ మనిషియే మన సంప్రదానము. ‘షి లెంట్ మి ఎ పాట్’ అని మనిషిని ముందుంచినచో ప్రత్యయ మక్కఱలేదు. ‘షి లెంట్ ఎ పాట్ టు మి’ అని వస్తువును ముందుంచినచో ‘టు’ తప్పదు. రెండును సాధువులే. ‘షి లెంట్ టు మి ఎ పాట్’ అనుట మాత్రము చెవికి ఎబ్బెట్టుగా నుండును. బారోకు కర్మ యొక్కటియే, అది వస్తువు. ఎవరివలన తెచ్చితిమో యా మనిషి అపాదానము. ‘ఫ్రమ్’ తోడు లేనిదే యామెకు వాక్యములో చోటు లేదు: ‘ఐ బారోడ్ ఎ పాట్ ఫ్రమ్ హర్’. లెండ్ టు, బారో ఫ్రమ్ అను రెండు జంటలు నోటికి వచ్చినచో సగము పని యైనట్లే.

మనవారి తప్పులు పుట్టుచో టొకటి చూపెదను. వ్యాకరణ గ్రంథములలో ‘ఆమెవలన తెచ్చితిని’ అని చదువుదుము గాని, ఇంటిలో ‘ఆమె దగ్గర తెచ్చినాను’ అందుము. ఆ ‘దగ్గర’యే పిల్లల ఆంగ్లములో ‘నియర్’ అయి కూర్చుండును. ‘ఐ బారోడ్ టెన్ రుపీస్ నియర్ మై ఆంట్’ అని వ్రాసిన పిల్లవాని భావము తెలుగువారికి వెంటనే యందును. ఇతరులకు మాత్రము, పిన్నిగారి ప్రక్కన నిలుచుండి మఱెవరివలననో పది రూపాయలు తెచ్చినట్లు తోచును. ఇంకొక తప్పు ‘బారో మి యువర్ పెన్’ అనుట. ‘నీ కలము అప్పియ్యి’ అను వాక్యములోని ఒకే ‘అప్పు’ను పట్టుకొని, దిక్కు చూడక, కనబడిన పదమును తగిలించుటచే నిది పుట్టుచున్నది. ఇంగ్లాండులో కొన్ని ప్రాంతముల వాడుకలోను ఈ ప్రయోగము గలదు గాని వ్రాతలో నంగీకరింపరు.

లెండ్‌కు భూతకాలరూపము లెంట్. లెండెడ్ అనునది లేదు. బారోకు బారోడ్. కర్మణి ప్రయోగములో నొక చమత్కారము గలదు. లెండ్‌కు కర్మలు రెండు గనుక ‘ద పాట్ వాజ్ లెంట్ టు మి’ అని కుండను గాని, ‘ఐ వాజ్ లెంట్ ఎ పాట్’ అని మనిషిని గాని ముందు నిలుపవచ్చును. బారోతో నిట్లు చేయరాదు. ‘షి వాజ్ బారోడ్’ అన్నచో ఆమెనే యెవరో కొన్నాళ్లకు తెచ్చుకొన్నట్లగును!

ఈ రెంటి చెల్లెలు ‘ఓ’ అను క్రియ. బాకీపడి యుండుట దాని యర్థము. ఇది పుచ్చుకొన్నవారి స్థితియే యైనను నడక మాత్రము లెండ్‌వంటిది: ‘ఐ ఓ హర్ ఎ హండ్రెడ్ రుపీస్’. ఇచట ‘ఫ్రమ్’ రాదు. సంస్కృతము చదివిన సోదరీమణులకు నిది వింత కాదు. ఋణపడియుండుట యను నర్థముగల ధాతువు ప్రయోగమున, అప్పిచ్చినవానికి సంప్రదాన సంజ్ఞ కలుగునని పాణిని ప్రత్యేకముగా నొక సూత్రమే చేసెను. తెలుగుననుసైతము ‘ఆమెకు నూఱు బాకీయున్నాను’ అనియే యందుము గదా. సొమ్ము పోవలసిన దిక్కు ఆమెయే గనుక ‘కు’ వర్ణకము ఆమెకే దక్కినది.

అడుగుటలో మర్యాదను గూర్చి యొక మాట. ‘కెన్ యు లెండ్ మి యువర్ అంబ్రెల్లా?’ అన్నచో ఎదుటివారు కర్త; పని వారిపై బెట్టితిమి. ‘మే ఐ బారో యువర్ అంబ్రెల్లా?’ అన్నచో పని మనదే, వారిది అనుమతి మాత్రమే. రెండవది మెత్తన. పెద్దవారి నడుగునపుడు నేనైన రెండవదియే నేర్పుదును.

ఇంటనుండి కదలని వస్తువునకు బారో చెల్లదు. పొరుగింటి రుబ్బురోటిలో పిండి రుబ్బుకొని వచ్చినచో నది ‘యూజ్’. పొరుగింటి పెనము మన వంటింటికి వచ్చినచో నది బారో. బావినీరు తోడుకొన్నను యూజే. అద్దె యిచ్చి తెచ్చినది లెండును గాదు, బారోయును గాదు. దానికి వేఱు పదములు గలవు, వచ్చు మాసమున చూతము. ‘లెండ్ ఎ హ్యాండ్’ అను పలుకుబడి యొకటి తఱచుగా వినబడును. చేయూత నిచ్చుటయని దాని భావము. దీనిని మాటకు మాటగా తెనిగింపబూనిన కొంప మునుగును. మనలో ‘చెయ్యిచ్చినాడు’ అన్నచో సమయమునకు మోసపుచ్చినాడని యర్థము.

ఇంతవఱకు చూచిన దానిని బట్టి ఆంగ్లము మనకంటె సూక్ష్మమైనదని యెవరును తొందరపడవలదు. ఆంగ్లము దిక్కును చూచినది. తెలుగు వస్తువును చూచినది. తెచ్చిన వస్తువునే మరల నీయవలసినది ఎరువు: నగ, పట్టుచీర, పెండ్లికి తెచ్చిన గుండిగ. తెచ్చినది ఖర్చయి, అంతే కొలతకు అట్టిదే మఱొకటి యీయవలసినది బదులు: సోలెడు బియ్యము, గిద్దెడు నూనె, రెండు దినములకై తెచ్చిన చేబదులు రూపాయలు. దీనికి వడ్డీ లేదు. మిత్తితో గూడినది అప్పు. మా మెదకు సీమలో వడ్డీని మిత్తి యందురు. వస్తువు నొకదానిని నిలిపి తెచ్చినది కుదువ. అంగడిలో సరకు తెచ్చుకొని పైకము తరువాత నిచ్చునది ఉద్దెర. ఎరువునకు, బదులునకు, అప్పునకు ఆంగ్లమున బారో యను నొక్క పదమే. పంచదార తెచ్చినను బారో, పతకము తెచ్చినను బారో, పదివేలు తెచ్చినను బారో. ‘ఎరువు సొమ్ము బరువు చేటు’ అను మన సామెతను ఆంగ్లమున జెప్పవలసివచ్చిన, అది బ్యాంకు అప్పు గాదని, ఒడలిపై బెట్టుకొన్న పరుల నగయని ముందుగా నొక వ్యాఖ్య వ్రాయవలసియుండును. ఉద్దెర మాత్రము బారో కాదు. ‘ఐ బారోడ్ షుగర్ ఫ్రమ్ ద షాప్’ అనరాదు. ‘ఐ బాట్ షుగర్ ఆన్ క్రెడిట్’ అనవలయును. కొన్నది మనదే, తిరిగి యిచ్చునది పైకము గదా.

ఉద్దెర యను మాటను మోటుదని చులకన చేయువారు గలరు. అమరకోశము చదివినవా రట్లనరు. వైశ్యవర్గమున ఋణమునకు పర్యాయముగా ‘ఉద్ధారము’ చెప్పబడినది. మన ఉద్దెరయు, హిందీ ఉధారును దాని బిడ్డలే. ఆ తావుననే ‘యాచితకము’, ‘ఆపమిత్యకము’ అను రెండు మాటలు గలవు. అడిగి తెచ్చుకొన్నది యాచితకము, అనగా మన ఎరువు. మాఱుగా నొకటిచ్చి తెచ్చుకొన్నది ఆపమిత్యకము. మఱియు నచట అప్పిచ్చినవాడు ఉత్తమర్ణుడు, తెచ్చినవాడు అధమర్ణుడు. ఋణ విషయమున పైనున్నవాడు, క్రిందనున్నవాడు అని వ్యుత్పత్తి. లెండర్, బారోయర్ అను ఆంగ్ల పదములలో నీ యెక్కువ తక్కువలు లేవు. ఈ యొక్క విషయమున నాకు ఆంగ్లమే మేలనిపించును. బిడ్డ చదువునకై అప్పు తెచ్చిన తల్లి యెందులో నధమురాలు?

పదముల పుట్టుపూర్వోత్తరములు సైతము చూడదగినవి. బారో యనునది ప్రాచీనాంగ్లమున పూచీ, జామీను అను నర్థముగల ‘బోర్గ్’ అను నామమునుండి వచ్చినది. కావున పుచ్చుకొనుట యను నర్థమునకు ముందే పూచీపడుట యను భావము దాని గర్భమున గలదు. లెండ్ చివరనున్న డకారము పుట్టుకతో వచ్చినది గాదు. భూతరూపమునుండి నడుమ వచ్చి చేరినది. దాని తోబుట్టువైన లోన్ నార్వే దేశీయుల ప్రాచీన భాషనుండి ఇంగ్లాండు చేరినది. లోన్, లెండ్ పదములకు మూలమైన ధాతువునకు విడుచుటయని యర్థము. మన రిక్తము, రిక్థము అను సంస్కృత పదములును ఆ వంశమువే. రిక్థమనగా తండ్రి తాతలు విడిచిపోయిన ధనము; రిక్తమనగా శూన్యము. బ్యాంకు లోనునకును రిక్తహస్తమునకును నింత దగ్గఱి చుట్టఱికమున్నదని మొదట దెలిసినపుడు నాకు నవ్వు వచ్చినది. నామమైన ఈ లోను మాత్రము మన అప్పువలెనే రెండు ముఖములది: గివ్ ఎ లోన్, టేక్ ఎ లోన్. అమెరికావారు లోన్‌ను క్రియగాను వాడుదురు. ఇంగ్లాండు పద్ధతి వ్రాతలో లెండ్ అనుటయే మేలు.

తీసివేత లెక్కలలో చిన్నవారు ప్రక్క స్థానమునుండి పది ‘బారో’ చేయుదురు. మన పంతుళ్లును అప్పు తెచ్చుటయనియే నేర్పుదురు. లోకమున తిరిగి తీర్చని అప్పును బడిలో నేర్పుట యిదొక్కచోటనే. ఒక భాషవారు మఱియొక భాషనుండి తెచ్చుకొను పదములకును బారో యనుటయే ఆంగ్లేయుల వాడుక; అవియును తిరిగి యిచ్చునవి కావు.

ఇక కాగితముల సంగతి. వాడుక మాటలో లెండ్, బారో తాఱుమాఱైన నవ్వి యూరకుందురు. వ్రాలు చేయుచోట నట్లు గాదు. ఋణపత్రపు మొదటి పుటలో నొక్కమాఱు మాత్రమే మన పేరు, సంస్థ పేరు వ్రాసి, ఇకమీదట వీరు ‘ద బారోయర్’, వారు ‘ద లెండర్’ అని యేర్పఱతురు. ఆ తరువాతి పుటలన్నిటను మన పే రెచ్చటను రాదు. బారోయర్ చేయవలసినవి, లెండర్ చేయగలవి అనియే యుండును. పదము తెలియనివారికి ఏ వాక్యము తమ్ము గట్టుచున్నదో తెలియదు. పదము చివరి ప్రత్యయమును నమ్ముటయు నన్నివేళల క్షేమము గాదు. భూమి తనఖా పత్రములలో ‘మార్ట్‌గేజర్’ అన్నది అప్పిచ్చిన సంస్థ గాదు. ఆస్తిని తనఖా పెట్టిన మనమే. తీసికొన్న సంస్థ ‘మార్ట్‌గేజీ’. 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టమున నిట్లే నిర్వచింపబడినది.

నా యెఱుకలో నొక గృహిణి తన తోడికోడలి ఋణపత్రముపై సాక్షి వ్రాలని తలచి ‘కో-బారోయర్’ అను మాట క్రింద సంతకము చేసినది. సాక్షికి ‘విట్నెస్’ అని పేరు. జామీనుదారునకు ‘గ్యారంటర్’ లేక ‘ష్యూరిటీ’ అని పేరు. కో-బారోయర్ అన్నచో తోడుగా అప్పు తెచ్చినవా రని యర్థము. తోడికోడలు కంతులు నిలిపిన పిమ్మట ఆ సంస్థవారు నేరుగా నీమె గుమ్మమునకే వచ్చిరి. తాను ఒక్క రూపాయియైన ముట్టలేదని యామె యెంత చెప్పినను, ఆ చిన్న ‘కో’ ముందు నిలువలేదు. జామీనని వ్రాలు చేసినను తేలికయని తలపరాదు. 1872వ సంవత్సరపు భారత ఒప్పందముల చట్టము 128వ విభాగమున, పత్రమున వేఱుగా వ్రాసికొననిచో, జామీనుదారుని బాధ్యత అసలు అప్పు తెచ్చినవారి బాధ్యతతో సమానమనియే యున్నది.

ఆ పత్రములలోనే ‘జాయింట్లీ అండ్ సెవరల్లీ’ అను మాటల జంట వచ్చును. సెవరల్ అనగా పెక్కు అని బడిలో చదివియుందుము. ఇచట నది గాదు. విడివిడిగా నని యర్థము. ఉమ్మడిగాను, విడివిడిగాను బాధ్యులము అని వ్రాలు చేసిన పదిమందిలో నే యొక్కరినైనను పట్టుకొని మొత్తము అడుగవచ్చును. ఇచ్చినవా రొక్కరివలననే మొత్తము రాబట్టుకొనవచ్చునని పై చట్టమే 43వ విభాగమున చెప్పుచున్నది. అట్లు చెల్లించినవారు మిగిలినవారివలన వారివారి పాలు రాబట్టుకొనవలసినదే.

మహిళా సంఘములలో నున్న సోదరీమణులకు ఈ పదములు మఱింత దగ్గఱివి. 1992లో నాబార్డు వారు స్వయంసహాయక బృందములను బ్యాంకులతో జతచేయు పని నారంభించిన నాటినుండి మన పల్లెలలోను పట్టణములలోను స్త్రీల సంఘములు ఋణములు తెచ్చుచున్నవి. ఇచట ఒకే సంఘము రెండు గడపలలో నిలుచును. బ్యాంకు ముందు అది బారోయర్. తన సభ్యురాలి ముందు అదియే లెండర్. ఆ సభ్యురాలు సంఘమున నొకతె గనుక, తన కిచ్చువారిలో తానును ఉన్నది! ‘ద గ్రూప్ బారోస్ ఫ్రమ్ ద బ్యాంక్ అండ్ లెండ్స్ టు ఇట్స్ మెంబర్స్’ అను నొక్క వాక్యమును కంఠస్థము చేసినచో ఈ వ్యాసములోని వ్యాకరణ మంతయు చేతికి వచ్చును.

సంఘములు గాక ప్రైవేటు సూక్ష్మఋణ సంస్థలు వారపు కంతులతో గడపలకు వచ్చిన కాలమును మన ప్రాంతమువారు మఱవలేదు. 2010 అక్టోబరులో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ సంస్థలపై నొక ఆర్డినెన్సు తెచ్చి, తరువాత దానిని చట్టము చేసినది. దాని ఆంగ్ల నామములో ‘మనీ లెండింగ్’ అని యున్నది గాని ‘బారోయింగ్’ అని లేదు. పేరు పెట్టినవారు సరిగనే పెట్టిరి. కట్టడి చేయవలసినది పుచ్చుకొనువారి పనిని గాదు, ఇచ్చువారి పనిని. వడ్డీ అసలును మించి వసూలు చేయరాదని అందొక నియమము గలదు. ఒక్కమాఱుగా వసూలు చేయు వడ్డీ అసలుతో గూడి రెట్టింపును మించరాదని మనుస్మృతి చెప్పినదే మరల శాసనమున గనబడినది. రిజర్వు బ్యాంకు అజమాయిషీలోని బ్యాంకేతర సంస్థలకు ఆ చట్టము వర్తింపదని 2023లో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పినది. ఆ సంస్థలకు రిజర్వు బ్యాంకు నియమములు వేఱుగా గలవు. 2022 నాటి నిర్దేశములలో, సూక్ష్మఋణము పుచ్చుకొన్నవారికి ఇచ్చు లోన్ కార్డు వారి కర్థమగు భాషలో నుండవలెనని యున్నది. 2024 అక్టోబరు 1 మొదలుకొని బ్యాంకులును ఆర్థిక సంస్థలును వ్యక్తులకు క్రొత్తగా ఇచ్చు కాలపరిమితి ఋణములకు, వడ్డీయు రుసుములును గలిపి సంవత్సరమునకు శాతమెంత పడునో తెలుపు ముఖ్యాంశ పత్రమును పుచ్చుకొనువారి కర్థమగు భాషలోనే యీయవలయును. తెలుగు ప్రతి యిమ్మని యడుగుట మొగమాటపడవలసిన పని గాదు. ఆ తెలుగు ప్రతులలో బారోయరును ‘ఋణగ్రహీత’ యనియు, లెండరును ‘ఋణదాత’ యనియు వ్రాయుదురు. గ్రహీత పుచ్చుకొన్నది, దాత యిచ్చినది.

ఈ మాసపు అభ్యాసమునకు నాలుగు వాక్యము లిచ్చుచున్నాను, ఆంగ్లీకరించి చూడుడు. ‘పిన్నిగారి దగ్గర కుట్టుమిషను రెండు దినములకు తెచ్చుకొంటిని.’ ‘మా సంఘము ఆమెకు పదివేలు అప్పిచ్చినది.’ ‘కిరాణా అంగడిలో కందిపప్పు ఉద్దెర తెచ్చితిమి.’ ‘నేను నీకు సోలెడు బియ్యము బదులున్నాను.’ మూడవదానిలో బారో యని గాని, నాలుగవదానిలో ‘ఫ్రమ్’ అని గాని వ్రాసినవారు పై భాగమును మరల నొకమాఱు చదువుడు. అద్దెకు దెచ్చు వస్తువులకు వాడు హైర్, రెంట్ అను పదములు వచ్చు సంచికలో.